ఆమెన్ అన్నాక అడిగిన ప్రశ్నలు

గురువారం, పొద్దున పది గంటల నలభై నిమిషాలు. మా ఇంట్లో ప్రార్థన ముగిసి అందరూ ఆమెన్ అన్నది అప్పుడే. టైము ఎందుకు గుర్తుందంటే, కళ్ళు తెరవగానే ఎదురుగా గోడ గడియారం కనబడింది. దాని కింద, కాలేజీలో చేర్పిస్తానని వచ్చిన ఏజెంటు నా కోడలి సర్టిఫికెట్ల కవరును తన బ్యాగులో పెట్టుకుంటున్నాడు.

మా వైపు విశ్వాసుల ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. కొత్త పని ఏది మొదలుపెట్టినా దాని కాగితాన్ని బైబిలు మీద పెట్టి, పాస్టరయ్యగారిని పిలిచి, అందరం చేతులు చాచి ప్రార్థన చేస్తాం. బోరు వేసినా అంతే, బండి కొన్నా అంతే. మంచి పద్ధతే. కానీ దానికి ఎవరో ఒక తోక తగిలించారు. ఆమెన్ అన్నాక ఇక ఆ పని గురించి ప్రశ్న అడగకూడదట. అడిగితే దేవుణ్ణి అనుమానించినట్టట. ఈ మాట బైబిల్లో నాకు కనబడలేదు. యాభై రెండేళ్ళకు అక్షరాలు నేర్చుకొని, వేలు పెట్టి ఒక్కో మాట కూడబలుక్కుంటూ చదివినదాన్ని. ఉంటే నాకు తగిలేది.

ఆ రోజు బైబిలు మీద ఉన్నవి ఆన్‌లైన్ కాలేజీ దరఖాస్తులు. ఒకటి మా కోడలిది, ఇంకొకటి పక్కింటామె కూతురిది. మా కోడలు ఇంటర్ పాసై, రొయ్యల ప్లాంటులో తలలు తీసే బల్ల దగ్గర ఆరేళ్ళుగా నిలబడుతోంది. డిగ్రీ ఉంటే సూపర్‌వైజరు పని ఇస్తామని ప్లాంటువాళ్ళు అన్నారు. పని మానుకొని కాలేజీకి పోయే వీలు లేదు గనక ఫోన్‌లో చదివే డిగ్రీ కోసం చూసింది. ఆశపడటం తప్పు కాదు. ఆ ఆశను పసిగట్టి బ్యాగు తగిలించుకొని వచ్చినవాడిది తప్పు. గుమ్మంలోనే వందనాలు చెప్పి, ప్రార్థనకు ముందు ఒక పాట కూడా పాడాడు. గొంతు బాగుంది. దాంతోనే సగం పని అయిపోయింది వాడికి.

నాకు మొదట కోపం వచ్చింది మాత్రం నా కొడుకు మీద. వాడు గుంట కౌలుకు తీసుకొని రొయ్యలు వేస్తాడు. రొయ్య పిల్ల కొనడానికి, దాన్ని పొదిగించి అమ్మే హేచరీకి మూడుసార్లు తిరుగుతాడు. పిల్లను బేసిన్‌లో పోసి, నీళ్ళను చేత్తో సుడి తిప్పి చూస్తాడు. సుడికి ఎదురీదితే మంచి పిల్ల, నడుమ కుప్పపడితే వద్దంటాడు. అంతటితో ఆగక ల్యాబుకు కూడా పంపిస్తాడు. వెంట్రుకంత రొయ్య పిల్లకు ఇన్ని పరీక్షలు పెట్టే మనిషి, పెళ్ళాం మూడేళ్ళ చదువుకు ఒక్క మాట అడగలేదు. గోడకు ఆనుకొని కూర్చున్నాడు.

అందుకని నేనే ఫారం ఇమ్మన్నాను. ముందు వైపు ఇంగ్లీషు. అక్కడే అందరూ సంతకాలు పెట్టారు. వెనక తెలుగులో సన్నటి అక్షరాలు. వేగంగా చదివేవాళ్ళు సగం దాటేసి పోతారు, నాకు దాటడం చేతకాదు. చాలాసేపు పట్టింది. అతను రెండుసార్లు దగ్గాడు. ఒరిజినల్ సర్టిఫికెట్లు చదువు అయ్యేదాకా సంస్థ దగ్గరే ఉంటాయని, నడుమ మానేస్తే మొత్తం ఫీజు కడితేనే ఇస్తారని రాసి ఉంది. ఏ యూనివర్సిటీ డిగ్రీ ఇస్తుందో మాత్రం ఎక్కడా లేదు.

"డిగ్రీ ఇచ్చే యూనివర్సిటీ పేరేంది నాయనా?" అన్నాను.

"టైఅప్ ఉండాదమ్మా. చేరినాక చెప్తారు."

"తాళి కట్టినాక పెళ్ళికొడుకు పేరు చెప్తావా?"

పక్కింటామె కిసుక్కున నవ్వి, అయ్యగారి ముఖం చూసి నోరు మూసుకుంది. అమ్మగారు, అంటే అయ్యగారి భార్య, ప్రార్థన అయిపోయింది గదా పెద్దమ్మా అని మెల్లగా అన్నారు. ప్రార్థన కోసం కళ్ళు మూసుకున్నాను, ఇప్పుడు తెరిచాను అన్నాను.

మా కోడలి ముఖం ఎర్రబడింది. "అత్తా, ఈ ఒక్కటన్నా నన్ను చేసుకోనీ. చెడగొట్టమాక" అంది.

ఆ మాట గుచ్చుకుంది. అయినా ఆగలేదు. అక్కడ చదివి పాసైన మనిషిని ఒక్కరిని చూపించమన్నాను. అతను హుషారుగా ఒక అమ్మాయికి ఫోన్ కలిపి స్పీకరులో పెట్టాడు. ఆ పిల్ల కాలేజీని తెగ పొగిడింది. పరీక్ష ఏ ఊళ్ళో రాశావమ్మా అని అడిగాను.

"ఇంట్లోనే అవ్వా. జవాబులు సారే వాట్సాప్‌లో పంపినారు."

"ఇప్పుడు ఉద్యోగం యాడ?"

"సార్ ఆఫీసులోనే. ఇట్టా ఫోన్లు వస్తే మాట్లాడతా ఉంటాను."

అతను ఫోన్ కట్ చేశాడు. అయ్యగారు డిగ్రీ చదివిన మనిషి. పరీక్ష హాలు ఎట్లా ఉంటుందో, హాల్ టికెట్టు ఎందుకిస్తారో తెలిసిన మనిషి. ఆయన బైబిలు జిప్పు తీస్తూ వేస్తూ కూర్చున్నారు. నేను అడగాల్సిన ప్రశ్నలా అవి? ఆయన అడగాల్సినవి కావా?

అతను లేచి, రేపు నెల్లూరు ఆఫీసుకు రండి మాట్లాడదాం అంటూ బ్యాగు భుజానికి వేసుకున్నాడు. అప్పుడు మా కోడలు వెళ్ళి అతనికి అడ్డంగా నిలబడింది.

"నా కవరు ఇచ్చి పోండి సార్."

"రికార్డులో ఎక్కించేసినాం సిస్టర్."

"ఏమీ ఎక్కించలా. బ్యాగులో పెట్టుకున్నారు, నేను చూస్తానే ఉండా."

చెయ్యి చాపి అట్లాగే నిలబడింది. ఇచ్చాడు. ఆమె అక్కడికక్కడే మెమో, టీసీ, కండక్ట్ అన్నీ ఉన్నాయో లేదో చూసుకుంది. నీ కూతురివి కూడా తీసుకోమే అని పక్కింటామెకు చెప్పాను. దేవుడి ముందు పెట్టి ఇచ్చినాం గదక్కా, వెనక్కి అడిగితే బాగుండదు అంది. అతను వెళ్ళిపోయాడు. పక్కింటి పిల్ల కవరు ఇంతవరకు రాలేదు. ఆఫీసుకు ఇప్పుడు తాళం.

మా కోడలు ఇంకా ఆ బల్ల దగ్గరే ఉంది. సెలవు దొరికిన రోజు నెల్లూరు పోయి స్టడీ సెంటర్లలో విచారిస్తోంది. యూనివర్సిటీ పేరు అడిగి, అది ప్రభుత్వ జాబితాలో ఉందో లేదో చూసుకొని, పరీక్ష ఎక్కడ పెడతారో రాసుకొని వస్తోంది. కవరు మాత్రం ఇంట్లోనే పెట్టి పోతోంది. నాతో సరిగ్గా మాట్లాడటానికి ఆమెకు పది రోజులు పట్టింది. పట్టనీ.

పేర్లు రాయను. ఆ రోజు ఆ గదిలో ఉన్నది అయ్యగారు, అమ్మగారు, పక్కింటామె, నా కొడుకు, నా కోడలు, పాట పాడిన ఆ మనిషి, నేను.