ఓదెలు కాక విప్పి పంచిన పుస్తకం

నన్ను ఎం.ఎస్సీ. దాకా చదివించింది ఎవరని అడిగితే ముందు ఓదెలు కాక పేరే చెబుతాను. ప్రొఫెసర్ల పేర్లు తర్వాత. వాళ్లకు కోపం వస్తే రానివ్వండి. వాళ్లు పాఠం చెప్పారు, కాదనను. కానీ ఆ పాఠం ఉన్న పుస్తకం నా చేతికి అందేలా చూసింది మాత్రం ఆయనే.

ఓదెలు కాక మా యూనివర్సిటీ లైబ్రరీలో, రిఫరెన్స్ విభాగంలో అటెండరు. కరీంనగర్ జిల్లా నుంచి భార్యతో కూలికి వచ్చి, ఆ లైబ్రరీ కట్టేటప్పుడు ఇటుకలు మోశాడు. కట్టడం అయిపోయాక మేస్త్రీ, మిగతా కూలీలు ఇంకో పనికి వెళ్లిపోయారు. పుస్తకాల పెట్టెలు మేడ మీదికి మోయడానికి మనిషి కావాలంటే ఈయన ఆగాడు. ఆగినవాడు పద్నాలుగేళ్లు అక్కడే ఉండిపోయాడు, అదీ రోజుకూలీగానే.

ఆయనకు తెలుగు కూడబలుక్కుని చదవడం వచ్చు, ఇంగ్లీషు రాదు. అయినా వేల ఇంగ్లీషు పుస్తకాల్లో ఏది ఎక్కడుందో చెప్పేవాడు. మేం పుస్తకం పేరు చెబితే, "నల్లట్టదా? మూలకు చినిగిందా?" అని అడిగేవాడు. అవునంటే నేరుగా వెళ్లి తీసుకొచ్చేవాడు. కంప్యూటర్ కేటలాగు పెడతామని పైవాళ్లు రెండేళ్లుగా చెబుతూనే ఉన్నారు. మాకైతే ఆ లోటు ఎప్పుడూ తెలియలేదు.

నేను చెప్పేది 1999 వేసవి సంగతి. రోజుకూలీలను పర్మినెంటు చేయడానికి ఆ ఏడాది యూనివర్సిటీలో జాబితా తయారవుతోంది. ఫైల్లో మచ్చ ఉన్నవాళ్లను పక్కన పెడతారని అందరికీ తెలుసు. ఓదెలు కాక భార్యకు ఉబ్బసం. ఆయన పర్మినెంటయితే ఆమెకు క్యాంపస్ దవాఖానలో మందులు దొరుకుతాయి. ఆ జాబితాలో పేరు ఉండాలన్నది తప్ప ఆ రోజుల్లో ఆయన నోట ఇంకో కోరిక వినలేదు.

ఇక నా సంగతి. మా నాయన మల్లయ్య మాదాపూర్‌లో కడుతున్న ఒక ఆఫీసు బిల్డింగుకు వాచ్‌మన్. మేం మదీనాగూడలో ఒక్క గది కిరాయికి తీసుకుని ఉండేవాళ్లం. హైటెక్ సిటీ కొత్తగా తెరిచిన రోజులవి. బస్సెక్కితే చాలు, ఎవరు ఏ కంప్యూటర్ కోర్సులో చేరారన్నదే మాట. నేను మాత్రం స్టాటిస్టిక్స్ పట్టుకుని వేలాడుతున్నాను. అందులో ప్రాబబిలిటీ పేపరు ఒకసారి తప్పాను. ఆ ఏప్రిల్‌లో కొత్త బ్యాచి వాళ్లతో కలిసి మళ్లీ రాయాలి, ఈసారీ తప్పితే సీటు పోతుంది.

ఆ పేపరుకు పనికొచ్చే పుస్తకం లైబ్రరీలో ఒక్కటే ఉండేది. ఇంటికి ఇవ్వరు, అక్కడే కూర్చుని చదవాలి. క్లాసులో మేం పంతొమ్మిది మందిమి. హాస్టల్లో ఉండేవాళ్లు భోజనం చేసి వచ్చి మళ్లీ చదువుకునేవారు. నాకు ఐదున్నర బస్సు తప్పితే ఇల్లు చేరడం కష్టం. అందుకని నేనొక పని మొదలుపెట్టాను. ఐదింటికి లేచేటప్పుడు ఆ పుస్తకాన్ని దాని అరలో పెట్టకుండా, చివరి వరుసలో పాత జనాభా లెక్కల రిపోర్టుల వెనక దాచేదాన్ని. పొద్దున తొమ్మిదింటికి వచ్చి తీసుకునేదాన్ని.

ఇలా దాచడం మా క్యాంపస్‌లో నేను కనిపెట్టిందేమీ కాదు. పరీక్షలు దగ్గరపడితే ఫిజిక్స్ పుస్తకాలు సంస్కృతం అరలోకి, ఎకనామిక్స్ పుస్తకాలు పశువైద్యం అరలోకి వలసపోయేవి. అందరూ చేసే పనే కదా అని నేను సిగ్గుపడలేదు. మధుకర్ అని మా క్లాసతను, నాలాగే ఆ పేపరు తప్పినవాడు, సాయంత్రం పూట ఆ పుస్తకం కోసం అర అరా వెతుకుతుంటాడని తెలిసి కూడా సిగ్గుపడలేదు. అప్పట్లో నేనంత మొండిదాన్ని.

పరీక్షకు తొమ్మిది రోజులుందనగా, ఒక ఆదివారం పొద్దున వెళ్లేసరికి చివరి వరుస ఖాళీగా ఉంది. ఒక్క రిపోర్టు కూడా లేదు. ఓదెలు కాకను అడిగితే, అట్టలు ఊడిన పాత రిపోర్టులన్నీ ముందురోజు సాయంత్రం బైండింగుకు వెళ్లాయని చెప్పాడు. వాటితోపాటు మా పుస్తకమూ వెళ్లింది. కాక ఇంకేమీ అడగలేదు. దాచింది నేనేనని చెప్పకుండానే తిరుగు బస్సెక్కాను.

మర్నాటికి క్లాసంతా గోలగోల అయింది. పుస్తకం పోయిందని మధుకర్ వెళ్లి డిప్యూటీ లైబ్రేరియన్ కనకలక్ష్మి మేడమ్‌కు చెప్పాడు. రిపోర్టులతో కలిసి బైండింగుకు పోయి ఉంటుందని కాక చెబితే, ఆవిడ బైండింగ్ జాబితా తీయించారు. అందులో ఆ పుస్తకం లేదు. జాబితాలో లేని పుస్తకం గేటు దాటిందంటే ఆ విభాగం చూసే మనిషిదే తప్పు. ఓదెలు కాకకు మెమో ఇచ్చారు. శుక్రవారంలోపు రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. మెమో సంగతి ఆయన మాకెవరికీ చెప్పలేదు.

చెప్పకుండా ఆయన చేసిన పని ఇంకొకటి ఉంది. మంగళవారం సెలవు పెట్టి, రెండు బస్సులు మారి, ఛత్తా బజార్‌లో ఉన్న బైండింగ్ షాపుకు వెళ్లాడు. అక్కడికి వెళ్లేసరికే మా పుస్తకం అట్ట పీకేసి, కుట్లు విప్పేసి ఉందట. పుస్తకాన్ని పదహారేసి పేజీల కట్టలుగా కుడతారు, ఒక్కో కట్టను ఫారం అంటారు. అలా ఇరవై ఎనిమిది ఫారాలు విడివిడిగా పడి ఉన్నాయి. మళ్లీ కుట్టి అట్ట వేయాలంటే పది రోజులు పడుతుందన్నాడట షాపాయన. ఓదెలు కాక ఆ ఫారాలను అలాగే తువ్వాలులో కట్టుకుని తెచ్చి మేడమ్ బల్ల మీద పెట్టాడు.

"మేడమ్, పరీచ్ఛ అయ్యేదాంక దీన్ని కుట్టియ్యొద్దు" అన్నాడు. "ఒక్క పుస్తకమైతె ఒక్కలే సదువుతరు. గిట్లుంటె అందరు సదువుకుంటరు."

మేడమ్ చాలాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు. "ఒక్క ఫారం గడప దాటినా, ఒక్కటి తగ్గినా నీదే బాధ్యత ఓదెలూ" అన్నారు.

బుధవారం పొద్దున రిఫరెన్స్ గదిలో మా పంతొమ్మిది మందినీ వరసగా కూర్చోబెట్టి, ఆయన తలా ఒక ఫారం చేతిలో పెట్టాడు. ఎవరికి ఏ నంబరు ఇచ్చాడో ఒక అట్టముక్క మీద రాసుకున్నాడు. పూర్తయినవాళ్లు పక్కవాళ్లతో మార్చుకోవాలి. నాకు ఏడో ఫారం వచ్చింది. పదహారే పేజీలు కావడంతో, తిప్పడానికి ఇంకేమీ లేక, ఒక్కో లైనూ పట్టుకుని చదివాను. సాయంత్రానికి నా పదహారు పేజీలు నాకు ఎంత బాగా వచ్చాయంటే, ఎనిమిదో ఫారం చదువుతున్న అమ్మాయి, ఏడో ఫారంలో మొదలైన లెక్క అర్థం కాక నన్నే అడిగింది. అప్పటిదాకా ఆ క్లాసులో నన్ను ఎవరూ ఏమీ అడిగింది లేదు.

ఆ రెండు రోజుల్లో నేర్చుకున్నంత ఏడాదిలో నేర్చుకోలేదు. ఎంత సంతోషంగా ఉన్నా, ఆయన్ను చూసినప్పుడల్లా తల దించుకుని ఫారంలోకి చూసేదాన్ని.

గురువారం మధ్యాహ్నం ఓదెలు కాక తెల్లకాగితం, పెన్ను పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"బిడ్డా, మేడమ్ మెమో ఇచ్చింది. రేపటి లోపట జవాబు ఇయ్యాలె. జర ఇంగ్లీషుల రాసి పెడ్తవా?"

మెమో ఉందని నాకు తెలిసింది అప్పుడే. "ఏమని రాయాలె కాకా?" అన్నాను.

"ఓదెలు సూసుకోకుంట గా బుక్కును బైండింగుల కలిపిండు, ఇంకోపారి గిట్ల చెయ్యడు, మాఫ్ చెయ్యున్రి అని రాయి."

గౌరవనీయులైన మేడమ్ గారికి అని ఇంగ్లీషులో రాశాను. తర్వాత పెన్ను కదల్లేదు. నేను చేసిన తప్పును నా చేత్తోనే ఆయన నెత్తిన రుద్దడానికి నా మొండితనం కూడా చాల్లేదు.

"కాకా, గా పుస్తకం ఆడ దాసింది నేనే."

"ఎరికే" అన్నాడు, ఇందులో కొత్తేముంది అన్నట్టు. "సంక్రాంతి ముంగట నుంచి ఆడ్నే పెడ్తున్నవు. రెండు మూడుసార్లు బయటికి కనవడ్తుంటె నేనే లోపటికి జరిపిన. హాస్టల్ పోరలకు పొద్దూకినాక టైముంటది, నీకు బస్సాయె. పొద్దుగాల ఒక్క గంటన్న నీకు దొరకనియ్యి అనుకున్న. శనివారం నేనుంటె తీసి పక్కకు పెడుదును. ఇంటామెకు ఆయాసమొస్తె దవాఖానకు తీస్కవోయిన. గా బైండింగోల్లు గప్పుడే వచ్చిరి. నేను లేకపాయె. తప్పు నాది గాదా మరి? రాయి."

నాకు ఏడుపు ఆగలేదు. నేనేదో గడుసుగా అందరి కళ్లుగప్పి దాస్తున్నానని మూడు నెలలుగా లోలోపల మురిసిపోతున్నాను. ఆ మూడు నెలలూ నా పుస్తకాన్ని ఈయన కాపలా కాశాడు.

"నీ పేరు పోతది కాకా, లిస్టుల" అన్నాను.

"పోతె మల్ల వస్తది. నీ పరీచ్ఛ పోతె సీటే పోతది. నువ్వు ఫికర్ చెయ్యకు, రాయి."

రాశాను. ఆయన చెప్పింది కాదు, జరిగింది రాశాను. పుస్తకం దాచింది నేను, ఇన్నాళ్లూ చెప్పనిదీ నేనే, ఓదెలు తప్పు లేదు అని రాసి, నా పేరు, రోల్ నంబరు వేసి సంతకం పెట్టాను. ఆయనకు అందులో ఏముందో చదవడం రాదు. చదివి వినిపించమని అడిగేలోపే లేచి మేడమ్ గదికి వెళ్లాను.

మేడమ్ రెండుసార్లు చదివారు. "ఏమ్మా, ఈ మాట సోమవారమే చెప్పి ఉంటే బాగుండేది కదా?"

"భయమేసింది మేడమ్."

"ఆయనకెంత భయం వేసి ఉంటుందో ఆలోచించావా?"

ఆవిడ ఫైలు తెప్పించి, మెమో మీద రద్దు అని రాసి సంతకం చేశారు. తర్వాత నా లైబ్రరీ కార్డు అడిగి తీసుకుని సొరుగులో పెట్టారు. "పరీక్షలయ్యేదాకా నువ్వు లోపలికి రావడానికి వీల్లేదు. నాకూ కష్టంగానే ఉందమ్మా, కానీ ఇది అందరికీ తెలియాలి" అన్నారు. ఆవిడ మీద నాకు ఆరోజూ కోపం రాలేదు, తర్వాతా రాలేదు.

కోపం వచ్చింది ఓదెలు కాకకే. "నిన్నెవలు రాయమన్నరు? పరీచ్ఛ ఐదు దినాలున్నది. ఇప్పుడేం సదువుతవు?" అని వసారాలో నిలబెట్టి తిట్టాడు. ఆయన గొంతు పెంచడం నేను విన్నది అదొక్కసారే.

శుక్రవారం నాకు వెళ్లడానికి ఇంకో చోటు లేక లైబ్రరీ వసారాలోనే, రిఫరెన్స్ గది కిటికీ పక్కన కూర్చున్నాను. అప్పటికి సంగతి క్లాసంతా తెలిసిపోయింది. లోపలి నుంచి మధుకర్ కిటికీ దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టాడు కూడా.

"మూడు నెలలు పరేషాన్ చేసినవు గద అఖిలా" అన్నాడు. చువ్వల దగ్గరికి ఇంకాస్త జరిగి, "ఇయ్యాల నాది పదకొండో ఫారం. నీకు రానిది గదే గద?" అన్నాడు.

"నేను లోపలికి రావొద్దు మధూ. ఫారం బయటికి రావొద్దు."

అతని వెనక బల్ల ఈడుస్తున్న చప్పుడైంది. ఓదెలు కాక పెద్ద బల్లను కిటికీ దాకా లాక్కొచ్చి, చువ్వలకు ఆనించి పెట్టాడు.

"ఫారం గడప దాటొద్దన్నది మేడమ్. మాట దాటొద్దని అన్లే" అన్నాడు. "సదువున్రి, బయటికి ఇనవడేటట్టు."

మధుకర్ చదివాడు. చువ్వలకు ఇవతల నేను నోట్సు రాసుకున్నాను. అతనికి అర్థం కానిచోట నేను చెప్పాను. అతని తర్వాత ఇంకొకరు వచ్చారు, తర్వాత ఇంకొకరు. నేను ఎవరెవరి నుంచి పుస్తకం దాచానో వాళ్లందరూ వంతులేసుకుని వచ్చి నాకు చదివి వినిపించారు. ఒకసారి మేడమ్ అటుగా వచ్చి, మమ్మల్ని చూసి ఆగారు. "కాస్త మెల్లగా చదవండి, లోపల వేరేవాళ్లున్నారు" అని వెళ్లిపోయారు.

పరీక్ష ముందురోజు సాయంత్రం కాక అట్టముక్క దగ్గర పెట్టుకుని ఫారాలు లెక్కపెట్టాడు. ఇరవై ఎనిమిదీ ఉన్నాయి. ఆ పేపరు పంతొమ్మిది మందిమీ గట్టెక్కాం. మా డిపార్ట్‌మెంటులో అలా జరగడం అదే మొదటిసారని మా సారే అన్నారు. ఆ పిల్లల మంచితనానికి, ఆ బల్ల ఈడ్చిన మనిషికి నేను ఎన్ని జన్మలెత్తినా రుణపడి ఉంటాను. ఇంతకంటే బాగా చెప్పడం నాకు చేతకాదు.

జూన్ మొదటి వారంలో పర్మినెంటు ఆర్డర్లు వచ్చాయి. నేను మార్కుల మెమో కోసం వెళ్లి తిరిగి వస్తుంటే, ఓదెలు కాక మళ్లీ తెల్లకాగితంతో ఎదురొచ్చాడు.

"పనిల చేరుతున్న అని రాసియ్యాల్నంట బిడ్డా. ఈపారి నేను చెప్పింది రాస్తవా, మల్ల నీకు తోచింది రాస్తవా?"

"నువ్వు చెప్పిందే రాస్త కాకా."

"ఓదెలు ఇయ్యాల పొద్దుగాల పది గంటలకు పనిల చేరిండు అని రాయి."

రాశాను. "పద్నాలుగేండ్ల సంది చేస్తున్నడని గూడ రాయాల్నా?" అని అడిగాను.

ఆయన గోడకు ఆనుకున్నాడు. ఆ పద్నాలుగేళ్లు ఏ లెక్కలోకీ రావని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

"రాయి బిడ్డా" అన్నాడు. "ఎవలు సదువకున్న మంచిదే. ఉండనియ్యి."