సాక్షి సంతకం

గోదావరిఖని మసీదులో నమాజు చేయించే గులాం అలీ మంచివాడు. ఆ మంచితనమే ఒక ఆడదాని కొంప ముంచింది. ఆ సంగతి ఆయన బతికినన్నాళ్లూ ఎవరూ ఆయన మొహం మీద అనలేదు, ఆమె తప్ప.

ఆయన దగ్గర అట్ట ఊడిన ఉర్దూ పుస్తకం ఒకటుండేది. మలయా దేశాన్ని తెల్లదొరలు ఏలుతున్న రోజుల్లో అక్కడి మతపండితుడు ఒకాయన చెప్పిన మాటలు అందులో ఉన్నాయి. దొరలను తిట్టుకుంటూ కూర్చుంటే మన జాతి లేవదన్నాడాయన. దేవుడు తెలివి ఇచ్చింది వాడుకోవడానికేనన్నాడు. ఆడపిల్లలకు చదువు చెప్పమన్నాడు. అర్థం తెలియకుండా వల్లించేది చదువే కాదన్నాడు. గులాం అలీ ప్రతి శుక్రవారం ఈ మాటలే చెప్పేవాడు. రాత్రి షిఫ్టు చేసి నిద్ర చాలని కార్మికులు గోడకు ఒరిగి కునికిపాట్లు పడేవారు.

చెప్పి ఊరుకోలేదు. 1987లో మసీదు వెనక గదిలో ఆడవాళ్ల చేత పలకలు పట్టించాడు. ముందుగా పేరు రాయడం నేర్పాడు. పేరు రాగానే వాళ్ల మొహాలు వెలిగేవి, ఆయన మొహం ఇంకా వెలిగేది. ఆ సంబరంలో అక్కడే ఆగిపోయాడు, పిచ్చిమారాజు. ఏడాది తిరిగేసరికి పద్నాలుగు మంది సంతకాలు పెడుతున్నారు. చదవగలిగినవాళ్లు ఒక్కరూ లేరు.

వాళ్లలో నుస్రత్ బేగం ఒకతి. ఆమె భర్త ఖాజా బొగ్గుబాయిలో కప్పు కూలి చనిపోయాడు. గని రూలు ప్రకారం ఆ కొలువు ఆమెకైనా రావాలి, ఆమె రాసిచ్చినవాళ్లకైనా పోవాలి. ఇద్దరు ఆడపిల్లల తల్లికి అది తప్ప వేరే దిక్కు లేదు. భర్త పోయిన ఆడది ఇల్లు కదలకూడని గడువు తీరిన మర్నాడే, మరిది దస్తగిర్ ఒక కాగితం పట్టుకుని ఆమెను మసీదుకు తీసుకొచ్చాడు.

"కొలువు భాబీకే ఇయ్యమని అర్జీ రాయించిన, మౌల్వీసాబ్. మీరు సాక్షి సంతకం పెట్టాలె."

కాగితం తెలుగులో ఉంది. గులాం అలీకి అరబ్బీ, ఉర్దూ తప్ప ఇంకో అక్షరం రాదు. రాదని చెప్పడానికి నామోషీ అయింది. లోకానికంతా చదువుకొమ్మని చెప్పే మనిషాయె! కళ్లజోడు పెట్టుకుని పైనుంచి కిందిదాకా చూసి తలూపాడు.

దస్తగిర్ సిరా డబ్బీ తీశాడు. నుస్రత్ అలవాటుగా బొటనవేలు చాపింది.

"వేలిముద్ర ఏంది? నా దగ్గర నేర్చుకున్న బిడ్డ, సంతకం పెడ్తది" అన్నాడు గులాం అలీ గర్వంగా.

ఆమె పెన్ను బిగించి పట్టుకుని పేరు రాసింది. కింద ఆయన తన పేరు రాశాడు.

మూడు నెలలకు దస్తగిర్ తన అన్న కొలువులో చేరి బాయి దిగాడు; ఆఫీసువాళ్లే తనకిచ్చారని, ఇల్లు తానే నడుపుతానని వదినను నమ్మించాడు. ఆర్నెల్లకు పెళ్లి చేసుకుని, వదినను, పిల్లలను క్వార్టర్ నుంచి బయటికి గెంటాడు.

గులాం అలీ ఆమెను వెంటబెట్టుకుని గని ఆఫీసుకు పరుగెత్తాడు. గుమాస్తా నర్సింగం ఫైలు తీసి చదివాడు: "నాకు కొలువు వద్దు. నా మరిదికి ఇవ్వండి. ఇది చదివి, అర్థం చేసుకుని సంతకం చేస్తున్నాను."

"ఆమెకు చదువ రాదు, అన్నా" అన్నాడు గులాం అలీ.

"వేలిముద్ర ఉంటే తెల్వక ఏసిందని కొట్లాడొచ్చు, సాబ్. గిది సంతకమాయె. సాక్షి మీరే. మీరు సుత చదువలేదా ఏంది?"

నుస్రత్ గులాం అలీ వైపు తిరిగింది.

"నేను బొటనవేలే చాపిన. మీరే ఆపిండ్రు."

ఆ తర్వాత ఆమె పదేళ్లు లారీల వెంట రాలిన బొగ్గు ఏరి అమ్ముకుంది. తట్ట నెత్తిన పెట్టుకుని మసీదు ముందు నుంచే పోయేది. ఆమె కనబడగానే గులాం అలీ లోపలికి వెళ్లిపోయేవాడు.