మైక్రోస్కోపు కింద పత్తిపువ్వు

మా బడికి సైన్సు ల్యాబు వచ్చిన రోజు నేను మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. అంత కోపం వచ్చింది. ల్యాబుకు గది కావాలని పెద్దసారు నా గ్రంథాలయం గది ఖాళీ చేయించాడు. ఎనిమిదేండ్లు ఊరూరా అడిగి తెచ్చిన పుస్తకాలు వరండాలో బియ్యం బస్తాల పక్కకు చేరాయి. నేను తెలుగు సారును. నా పీరియడ్లు కూడా వారానికి రెండు పోయాయి. తెలంగాణ వచ్చాక గద్వాల దిక్కు పల్లె బళ్లకు కూడా అన్నీ వస్తున్నాయని అందరూ మురుస్తుంటే నేనొక్కడినే మూతి ముడుచుకుని తిరిగాను.

తీరా ఆ గదిలో జరిగిందేమిటి? మైక్రోస్కోపులు బల్లల మీదికి ఎక్కాయి గాని వాటి ప్లాస్టిక్ కవర్లు ఊడలేదు. తనిఖీకి వచ్చేవాళ్లు చూసేదాకా కొత్తగానే ఉండాలని పెద్దసారు హుకుం. కొన్న కుర్చీకి కవరు తీయకుండా ఏండ్ల తరబడి కూర్చునే మనుషులం మేము. సైన్సు టీచరమ్మ పాపం గోడకు పటం తగిలించి పువ్వు భాగాలు చెప్పేది.

తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి ఏటా వానాకాలం రెండు నెలలు బడికి వచ్చేది కాదు. మా దిక్కు విత్తన పత్తి చేలలో క్రాసింగు పని ఉంటుంది. సాయంత్రం మొగ్గ విప్పి లోపలి మగభాగం గోటితో తీసేస్తారు, మర్నాడు పొద్దున వేరే మొక్క పువ్వు తెచ్చి దానికి రుద్దుతారు. చిన్న వేళ్లకు బాగా వస్తుందని పిల్లల్ని తోలుకుపోతారు. దసరా తర్వాత ఆ పిల్లను దింపడానికి వాళ్లమ్మ వచ్చింది.

"గీ యేడుతోని బడి బందు పెడ్త సారు. పది సదివి ఏం జేస్తది?" అంది.

ఆ మధ్యాహ్నమే ల్యాబు ముందునుంచి పోతుంటే పిల్లలు పటం చూసి పువ్వు భాగాలు వల్లె వేస్తున్నారు. నాకు ఒళ్లు మండింది. "వెనక బెంచీ పిల్లనడగండి టీచర్, రెండు నెలలు అదే చేసొచ్చింది" అన్నాను. పిల్ల మీద ప్రేమతో కాదు, ఎగతాళికే.

టీచరమ్మ నిజంగానే అడిగింది. బడి గోడ అవతలే పత్తి చేను. ఆ పిల్ల మొగ్గలూ పువ్వులూ తెచ్చి, గోటితో ఒక్క తిప్పు తిప్పి మగభాగం ఊడదీసింది. లోపలి ఆడభాగం చెక్కు చెదరలేదు. టీచరమ్మ మూడుసార్లు చేసి మూడు మొగ్గలూ విరగ్గొట్టింది. తర్వాత ఎవరినీ అడగకుండా మైక్రోస్కోపు కవరు పర్రున చింపేసింది. "పెద్దసారుకు నేను చెప్పుకుంటా" అన్నాను. ఆ మాట నా నోట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

టీచరమ్మ పువ్వు పుప్పొడిని గాజు పలక మీద రాల్చి మైక్రోస్కోపు కింద పెట్టింది. అమ్మాయి కన్ను పెట్టి చాలాసేపు తీయలేదు. "గీ పొడికి ముండ్లున్నయి టీచర్. గందుకే నా చేతి ఏళ్లకు అంటుకుంటుండె" అంది మెల్లగా. ముప్పై ఏండ్ల వయసులో కూడా నాకు ఆ సంగతి తెలియదు.

మర్నాడు తల్లిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. ఆమె ఒక కన్ను మూసుకుని చూసింది. "పదేండ్ల సంది గిదే రుద్దుతున్న. గిట్లుంటదని ఒక్కలు చెప్పలె" అంది. ఈ విత్తనాలు తయారుచేసేవాళ్లు ఏం చదువుతారని టీచరమ్మను గుచ్చిగుచ్చి అడిగింది. బందు మాట ఎత్తకుండానే వెళ్లిపోయింది.

వరండాలో నా పుస్తకాలను ఎలుకలు కొరికాయి. ఆ నష్టం నష్టమే, నేను మాఫీ చేయలేదు.

మళ్లీ వానాకాలం వచ్చింది. పొద్దున్నే కూలీల ఆటో నా కిరాయి ఇంటి ముందే ఆగింది. తల్లి ఎక్కింది. బిడ్డ ఏదని ఆటో అతను అడిగాడు.

"అది రాదన్నా, దానికి బడుంది. దాని కైకిలి పని గూడ నేనే జేస్త."

నాకు ఎగిరి గంతేయాలనిపించింది. అప్పటికే ఎక్కి కూర్చున్న ఇంకో ఇద్దరు తల్లులు ఒకరి మొహం ఒకరు చూసుకుని, తమ ఆడపిల్లల్ని కిందికి దించారు. ఆటో సగం ఖాళీగా పోయింది.