నర్సింగానికి లేని రోగం

ఇరవై దాటిన సంపత్, మళ్లీ డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరడానికి గోదావరిఖనిలో ఒక కాలేజీ ఆఫీసు ముందు వరసలో నిలబడ్డాడు. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెడితే సీటు వచ్చింది. ఇక కాగితాలు చూపించి చేరడమే మిగిలింది. చుట్టూ ఉన్నవాళ్లంతా మీసాలు రాని పిల్లలు. అందులో ఒకడు వచ్చి "సార్, ఫస్టియర్ క్లాసులెటు?" అని అడిగాడు. సంపత్‌కు తల కొట్టేసినట్లయింది.

హైదరాబాదులో ఇంజనీరింగ్ సీటొచ్చిన రోజున వాళ్ల బాపు నర్సింగం, బొగ్గుబాయి మీద హాజరు వేసే మస్టర్ గదిలో షిఫ్టు మొత్తానికీ జిలేబీ పంచాడు. కొడుకు అక్కడ రెండేళ్లు ఉన్నాడు. చదివింది తక్కువ, తప్పింది ఎక్కువ. మూడో ఏడాదిలోకి ఎక్కనివ్వలేదు. దసరా ముందు పెట్టె సర్దుకుని క్వార్టర్‌కు వచ్చిపడ్డాడు. జనం డ్యూటీలకు పోయాక గానీ గడప దాటేవాడు కాదు. అడిగినవాళ్లకు తల్లి సారవ్వ "సెలవులకచ్చిండు" అని చెప్పేది. ఉగాది పోయింది, ఎండలు పోయాయి, ఆ సెలవులు మాత్రం అయిపోలేదు. కాలనీ వాళ్లు నోట్లో వేలు పెడితే కొరకలేనివాళ్లా? తెలిసీ తెలియనట్టు ఊరుకున్నారు, అంతే. నర్సింగం ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేదని సంపత్ అనుకునేవాడు. ఆఖరికి ఆ తండ్రే "మల్ల మొదటికెల్లి సదువు, నేనస్త నీ ఎంట" అని బయల్దేరదీశాడు.

వంతు వచ్చింది. సరిగ్గా అప్పుడే, నర్సింగంతో ఒకే షిఫ్టు చేసే సదయ్య తన బిడ్డను చేర్పించడానికి వచ్చి వాళ్ల వెనకే నిలబడ్డాడు.

గుమస్తా కాగితాలు తిరగేశాడు. "ఇంటరై మూడేండ్లాయె. ఇంతకుముందు ఏడన్న చేరినవా?"

"లేదు సార్."

ఆ మాట ఎలా ఊడిపడిందో సంపత్‌కే తెలియదు. వెనక సదయ్య వింటుండగా 'తప్పిన' అనడం కన్నా అబద్ధమే సులువనిపించింది.

"మరి ఇన్నొద్దులు ఏం జేసినవ్?"

నర్సింగం ముందుకొచ్చాడు.

"నా పానం బాగలేకుండె సార్. నన్ను అరుసుకుంట ఇంటికాన్నే ఉన్నడు."

ఆ మాట బరువెంతో సంపత్‌కు తెలుసు. తండ్రి బాయి పనికి పనికిరాడని కంపెనీ మెడికల్ బోర్డు తేలిస్తే కొడుక్కు ఉద్యోగం వస్తుంది. "నడుము నొస్తుందని చెప్పు, పోరని బతుకు బాగుపడ్తది" అని తోటివాళ్లు ఎంత చెప్పినా నర్సింగం వినలేదు. "మంచిగున్న పానానికి రోగం అంటగట్టను" అనేవాడు. కొడుకు ఉద్యోగం కోసం ఆడని అబద్ధం కొడుకు సిగ్గు కోసం ఆడాడు.

వెనక సదయ్య నవ్వాడు. "ఏంది నర్సింగన్నా, గింత రోగం ఎప్పుడచ్చింది? మరి బోర్డుకు పోతవా?"

నర్సింగం తల వంచుకున్నాడు. సంపత్ ఆ తల అలా వంగడం ఎన్నడూ చూడలేదు. చదువు తప్పిన సిగ్గు ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

"లేదు సార్! మా బాపు మంచిగనే ఉన్నడు. నేనే హైద్రాబాద్‌ల ఇంజనీరింగ్ తప్పి అచ్చిన."

గొంతు పెద్దదైంది. వరసంతా అతని వంక తిరిగింది.

గుమస్తా మాత్రం తల కూడా ఎత్తలేదు. "గది ముందుగాల చెప్తే అయిపోతుండె గదా. గట్లాంటోళ్లు ఏటా అస్తనే ఉంటరు. ఆ కాలేజీకెళ్లి టీసీ పట్కరా, చేర్చుకుంట. ఎన్క ఎవరు? రాండ్రి."

ఇంతేనా? ఇంత చిన్న మాట దాచడానికా బాపు చేత అబద్ధమాడించింది? సంపత్‌కు తనమీద తనకే అసహ్యం వేసింది.

బయటికొచ్చాక "బాపూ..." అన్నాడు.

నర్సింగం కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"తప్పితే తప్పినవు తియ్యి బిడ్డా. గా మాటేదో జెర ముందుగాల అంటే, నేను గట్ల అనకపోతుంటి గదరా."