పిల్లను ఎవరు ఎత్తుకోవాలి

"...అంటే తల్లిని చిన్నగా చేసింది మేమేనంటారు!"

"నేనలా అనలేదండీ. మా పిల్ల సరిగ్గానే ఉంది, మీ తల్లి చేతులే పొట్టి అంటున్నా."

"కొలతలు ముందే పంపొచ్చుగా?"

"అడిగితే పంపేవాళ్లం."

మ్యూజియం వెనక గదిలో బల్లకు అటొకరు ఇటొకరు కూర్చుని పోట్లాడుకుంటున్నవాళ్లు బొమ్మల విభాగం అధికారి, ఎముకల విభాగం అధికారి. తల్లీ పిల్లా ఆదిమానవుల బొమ్మలు. 'మనిషి కలిసి బతకడం ఎలా నేర్చాడు' అనే కొత్త హాలు కోసం ఒక విభాగం తల్లిని చేయించింది, రెండోది పిల్లను చేయించింది. మూడేళ్లలో ఈ రెండు విభాగాలూ ఒక్కసారైనా కలిసి కూర్చున్న పాపాన పోలేదు. పక్కపక్క గదుల్లోంచి ఒకదానికొకటి ఉత్తరాలు రాసుకున్నాయి. చివరికి అడుగు పొడవు పిల్ల కోసం చేతులు ముడుచుకున్న తల్లి దగ్గరికి రెండడుగుల పిల్ల వచ్చి చేరింది.

"కదలకండి సార్. ఇంకా పన్నెండు నిమిషాలుంది," అంది ఆ గదిలో విరిగిన ఎముకలు అతికించే అతుకులమ్మ.

ఇద్దరూ కదలలేదు. ఒకే దవడ ఎముక తాలూకు రెండు ముక్కలు ఇద్దరి చేతుల్లో ఉన్నాయి, మధ్యలో జిగురు తడిగా ఉంది. ముక్కల్ని కదలకుండా నిలిపే ఇసుక పెట్టెల కోసం ఆమె అర్జీ పెట్టి పదకొండేళ్లయింది. ఏ విభాగం కొనాలో ఇంకా తేలలేదు. అందుకని ఆ గదికి ఆమె ఒక చట్టం పెట్టింది: గుమ్మం దాటినవాళ్లు ఎవరైనా సరే, జిగురు ఆరేదాకా ఇరవై నిమిషాలు పట్టుకోవాలి. డైరెక్టరంతటివాడు ఒకసారి తొడ ఎముక పట్టుకుని, జేబులో ఫోను నాలుగుసార్లు మోగినా బిక్కమొహం వేసుకుని కూర్చున్నాడు. మ్యూజియం మొత్తంలో మనుషులు కలిసి పనిచేసే చోటు అదొక్కటే. అదీ తప్పించుకోలేకే.

ముప్పై ఒక్కేళ్ల కిందట ఆమె ఇక్కడ ఊడ్చే పనిలో చేరింది. ఒకరోజు చీపురుకు చిన్న ఎముక తగిలితే, చెత్తలో వేయకుండా బల్ల మీదున్న ఎముకల చేతిలో దాని చోట దాన్ని పెట్టింది. నాలుగు నెలలుగా పెద్దలంతా ఆ వేలి ఎముక కోసం ఒకరి మీద ఒకరు ఫిర్యాదులు రాసుకుంటున్నారు. అప్పటి పెద్దాయన చీపురు తీసేసుకుని జిగురు సీసా ఇచ్చాడు. మర్నాటి నుంచి ఆమె అసలు పేరు జీతం కాగితానికే పరిమితమైపోయింది.

ఇప్పుడు ఆమె చేతిలో ఉన్నది ఓ ముసలివాడి పుర్రె. నూట పద్నాలుగు ముక్కలు. డెబ్భై దాకా అతికించింది. నోట్లో పన్నన్నది లేదు, పళ్లూడిన గుంటలు కూడా ఎముక పెరిగి పూడుకుపోయాయి. అంటే బోసినోటితో ఏళ్ల తరబడి బతికాడు. ఎవరో నమిలి పెట్టి ఉంటారు.

దవడను అలా పట్టుకునే, ఎముకల అధికారి హాలు గోడకు తాను రాసిన వాక్యాలు వినిపించాడు. "చింపాంజీ తల్లి తన పిల్లను నెలల తరబడి ఇంకొకరి చేతికివ్వదు. మనిషి తల్లి ఇచ్చింది. అమ్మమ్మ, మేనత్త, తండ్రి, గుంపంతా ఎత్తుకున్నారు. సహకారం అక్కడే మొదలై ఉండొచ్చు. ఎలా ఉందమ్మా?"

"బాగుంది సార్. మీ పిల్లల్ని మీరు బాగా ఎత్తుకునేవారా?"

"నాకెక్కడ కుదిరేది? ఎప్పుడూ తవ్వకాల్లోనే ఉండేవాణ్ణి."

"అయితే రాళ్లెత్తారన్నమాట."

బొమ్మల అధికారి నవ్వబోయి, దవడ గుర్తొచ్చి ఆగిపోయాడు.

ఆ ఆదివారం సాయంత్రం అతుకులమ్మ ఇంట్లో ఇదే సమస్య, బొమ్మలు లేకుండా. నర్సు ఉద్యోగం చేసే కూతురికి పురిటి సెలవు అయిపోయింది. సోమవారం పొద్దున హాజరు కాకపోతే ఆ చోటులోకి ఇంకొకరు వస్తారు. ఆరు నెలల మనవరాలిని ఎవరు చూడాలి? అందరికీ ఒకే జవాబు తోచింది. ఆ జవాబు అతుకులమ్మ. ఇంకా రెండేళ్ల సర్వీసుంది, మానేస్తే సరి.

"ఎముకలకేం తొందర వదినగారూ? లక్షేళ్లు ఆగినవి ఇంకొంచెం ఆగవా?" అంది వియ్యపురాలు. "నేనే చూసుకుందును, ఈ మోకాళ్లు చూశారుగా." అంటూనే ఏడుస్తున్న పిల్లను ఒళ్లోకి లాక్కుని, కూర్చున్నచోటే ఊపి నవ్వించింది.

"నాకూ ఇష్టమే అత్తయ్యా," అన్నాడు ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసే అల్లుడు, పిల్లను అందుకుని తడిబట్ట మారుస్తూ. "కానీ మగాణ్ణి, నాకివన్నీ ఏం తెలుస్తాయి?"

"నన్ను మాత్రం లెక్కలోకి తీసుకోకండి," అన్నాడు రిటైరైన ఆమె మొగుడు. "నా కూతుర్నే ఏనాడూ ఎత్తుకుని ఎరగను." మాటలో గర్వం కూడా ఉంది. అప్పటికి పిల్ల ఆయన భుజం మీదికి చేరి నిద్రపోయింది. లేస్తుందేమోనని ఆయన గొంతు తగ్గించి మరీ గొప్పలు చెప్పుకుంటున్నాడు.

కూతురు ఎవరి వైపూ చూడలేదు. "పోనీలే అమ్మా, నేనే మానేస్తా," అంది.

అతుకులమ్మ ఒక్కొక్కరి చేతులకేసి చూసింది. అందరూ పల్లకీ ఎక్కేవాళ్లే, మోసేవాళ్లెవరే అని తన తల్లి ఎప్పుడూ అంటుండేది. వీళ్లు మోస్తూనే మొయ్యలేమంటున్నారు. లేచి గోడ మీది క్యాలెండర్ తీసి బల్ల మీద పరిచింది.

"నువ్వూ మానవు, నేనూ మానను," అంది. "సోమవారం మ్యూజియానికి సెలవు, ఆ రోజు నాది. మంగళ, గురువారాలు వదినగారివి. బుధవారం ప్రెస్సుకు సెలవు, అల్లుడిది. శుక్ర, శనివారాలు మీ నాన్నవి. ఆదివారం నీది. రేపటి నుంచే."