చెల్లిని దింపుకొద్దామని అరకు కొండెక్కాను

అందరూ ఎలా ఉన్నారు? బొబ్బిలి సుభద్రమ్మ గారూ, మోకాలికి నూనె రాస్తున్నారా, మానేశారా? తుని సత్యవతి గారూ, మీ ఆయన కంటి ఆపరేషన్ అయ్యాక చూపు ఎలా ఉంది? దుమ్ములోకి వెళ్ళనివ్వకండి. పాలకొండ నర్సింగరావు బాబూ, నీ దగ్గు తగ్గిందా? మీ కరివేపకి పట్టిన తెల్లపేను పోయిందా? నేను బాగానే ఉన్నాను. బీపీ మాత్ర వేసుకుంటున్నాను. పెరట్లో గోళేల్లో నాలుగు వంగ మొక్కలు మాత్రం ఎండకి వాడిపోయాయి, ఎందుకో చివర్న చెబుతాను.

పోయినసారి మీలో కొందరు అడిగారు, హోటల్లో దిగకుండా బ్యాగు తగిలించుకుని అరకు వైపు కొండల్లో నడవొచ్చా, మా వయసువాళ్ళకి అవుతుందా అని. అవుతుంది. కానీ నేను షికారుకని వెళ్ళలేదు. మా చెల్లిని ఇంటికి తీసుకొద్దామని వెళ్ళాను.

మా చెల్లి పార్వతి ఆ కొండ ఊళ్ళలో నర్సుగా చేసి పోయిన ఏడు రిటైరయ్యింది. సాలూరులో మా ఇద్దరికీ ఒకటే ఇల్లు. మాఘంలో తన స్నేహితురాలు బుద్రిని చూసొస్తానని, పది రోజులని చెప్పి కొండెక్కింది. ఉగాది వెళ్ళినా దిగలేదు. ఆ ఊళ్ళో ఒక పెద్ద బండ మీద నిలబడితేనే ఫోను అందుతుంది. ఎప్పుడు అడిగినా, "ఇత్తులు ఏసేసి వచ్చేత్తానప్పా" అనేది. మా పక్క అక్కని అప్ప అంటారు. పాము కరిస్తే ఎవరు చూస్తారు, జారిపడితే ఎవరు మోసుకొస్తారు అని నాకు నిద్ర లేదు. వీటన్నిటి అడుగున ఇంకొక భయం ఉంది. అసలు దానికి రావాలని లేదేమో. ఆ మాట ఫోనులో అడగలేక బయల్దేరాను.

ఎదురింటి అమ్మాయి కాలేజీ బ్యాగు అడిగి తీసుకున్నాను. పల్చని దుప్పటి, చీర, మాత్రలు, టార్చి, అటుకులు, బెల్లం. ఖాళీ చేతులతో ఎలా వెళ్ళను అని పెరట్లో కాసిన బీర, ఆనప, చిక్కుడు గింజలు గుడ్డలో మూటకట్టాను. కాన్వాసు బూట్లు కొని వారం ముందు నుంచి ఇంట్లోనే తొడుక్కుని తిరిగాను.

సాలూరులో తెల్లారకుండా బస్సెక్కితే ఎండ ముదరకుండా విజయనగరం చేరతారు. అక్కడ ఎస్.కోట బస్సు గంట ప్రయాణం, ఎస్.కోటలో అరకు బస్సు దొరుకుతుంది. ఆడవాళ్ళు ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోండి, పల్లెవెలుగులో చూపిస్తే టికెట్టుకి డబ్బు తీసుకోరు. ఘాట్ రోడ్డు మీద మలుపు మలుపుకీ నేను కళ్ళు మూసుకున్నాను, మీరు తెరిచే ఉంచండి. రైల్లో రావాలనుకునేవాళ్ళకి విశాఖ నుంచి పొద్దున్నే బండి ఉంది, బొర్రా మీదుగా సొరంగాల్లోంచి వస్తుంది. నాకు సొరంగాలు పడవు.

మధ్యాహ్నానికి అరకు చేరాను. దిగగానే ఒక ఆటో అతను వెంటపడ్డాడు.

"మామ్మా, బొర్రా గుహలెల్దామా? తిప్పి తీసుకొచ్చేత్తాను."

"లోపల దీపాలారిపోతే ఏం చేస్తావు బాబూ?"

"నాను పాట పాడతాను మామ్మా. మీరు నా గొంతు పట్టుకుని బయటికొచ్చేయండి."

నవ్వొచ్చింది. ఈలోగా పార్వతి వచ్చింది, ఫలానా రోజు వస్తున్నానని ముందే ఫోనులో చెప్పాను. నల్లబడింది, చిక్కింది, చెంపలు మాత్రం నిగనిగలాడుతున్నాయి. నన్ను ఎగాదిగా చూసి, "ఏటప్పా, బడికెల్తున్న గుంటలాగున్నావు! టిపినీ డబ్బా తెచ్చుకున్నావా?" అంది. వాళ్ళ ఊరికి జీపు శుక్రవారం సంతకే వస్తుందట, ఆ రోజు శుక్రవారం కాదు. అదే ఆటోలో తారు రోడ్డు ఆఖరుదాకా మనిషికి యాభై ఇచ్చి వెళ్ళాం. అక్కడి నుంచి నడకే. ఒక్క పూటలో ఎక్కొచ్చు గానీ నా మోకాళ్ళతో కాదు. సగం ఆ రోజు, సగం మర్నాడు అని పార్వతి ముందే ఖాయం చేసేసింది. దాని వీపు మీద చాప, గిన్నె, బియ్యం, టార్పాలిన్ ఉన్నాయి.

దారి మొదట కాఫీ తోటల్లోంచి పోతుంది. రెండు రోజుల కిందట వాన పడిందట, కాఫీ కొమ్మలన్నీ తెల్లగా పూసి ఉన్నాయి. మల్లెపూల వాసన. సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు పాకాయి. తర్వాత తోట అయిపోయి అడవి మొదలైంది. నేను ప్రతి ఆకు చప్పుడుకీ ఆగాను. పార్వతి ఆగినందుకు విసుక్కోలేదు. ఆగిన ప్రతిచోటా కూర్చుంది.

"ఉద్యోగంలో ఉన్నప్పుడు ఈ దారంతా సూదిమందుల పెట్టి మోసుకుని పరుగేనప్పా. పెట్టిలో ఐసు కరిగిపోద్దని బేగి బేగి ఎక్కడం, సీకటి పడిపోద్దని బేగి బేగి దిగడం. ఈ బండ మీద ఒక్కనాడూ కూకోనేదు. ఇప్పుడు కూకుంతన్నాను."

బెల్లం ముక్క ఇచ్చాను.

ఎండ వాలేసరికి ఒక గెడ్డ దగ్గర ఆగాం. గెడ్డ అంటే కొండవాగు. వేసవి కాబట్టి నీళ్ళు పాదం మునిగేంతే ఉన్నాయి. పార్వతి మూడు రాళ్ళు పెట్టి పొయ్యి వెలిగించింది, అన్నం వండింది, నిప్పుల్లో కాల్చిన టమాటాలు ఉప్పు, మిరపకాయతో నలిపింది. అడ్డాకులో వడ్డించింది. నా జీవితంలో అంత ఆకలిగా ఎప్పుడూ తినలేదు. తింటూనే అడిగేశాను.

"ఇంటికెప్పుడొస్తావే?"

"సెప్పాను కదప్పా. ఇత్తులు మట్టిలో పడితే వత్తాను."

"పడకపోతే?"

"ఎందుకు పడవు? తిను."

టార్పాలిన్ కింద పడుకున్నాం. ఎలుగుబంటి వస్తుందేమో అన్నాను. "వత్తే నీ గురక ఇని ఎల్లిపోద్ది" అంది. రాలేదు, దేవుడి దయ. పొద్దున లేచేసరికి కింద నేలంతా ఇప్పపూలు రాలి ఉన్నాయి. మెత్తగా, తియ్యగా, పొగ వాసనేస్తూ. ఒకటి నోట్లో వేసుకుని, ఎక్కువ తింటే కళ్ళు తిరుగుతాయేమోనని ఆపేశాను.

పూట గడిచేసరికి ఊరు చేరాం. ఇరవై ముప్పై ఇళ్ళు, ఎర్రమట్టి అలికిన గోడలు. బుద్రి గడప దగ్గరే చోడి అంబలి, అంటే రాగి జావ ఇచ్చింది. బుద్రి నా వయసుదే, సన్నగా, ముక్కుకి మూడు నత్తులతో. ఇంటి వెనక పార్వతి చేసిన తోట చూపించారు. వెదురు కంచె, నాలుగు మడులు, పిండిలా మెత్తగా తవ్విన మట్టి. సిమెంటు పెరట్లో గోళేలతో నలభై ఏళ్ళు వేగిన నాకు ఆ మట్టి చూస్తే చేతులు ఊరుకోలేదు. ఇంకా ఏమీ వేయలేదు, అంతా ఖాళీ.

ఆ రాత్రి చిన్న జల్లు కురిసింది. పొద్దున పార్వతి, బుద్రి నీళ్ళకి వెళ్ళారు. నేనొక్కదాన్నే ఉన్నాను. మట్టి తడిగా ఉంది. ఉగాది దాటింది. మా పక్క ఈపాటికి బీర, ఆనప వేసేస్తాం. విత్తులు మట్టిలో పడితే వస్తానంది కదా, పడేస్తే సరి, శుక్రవారం జీపుకే ఇద్దరం దిగిపోవచ్చు అనుకున్నాను. మూట విప్పి వేలితో గుంటలు చేసి, మడులు నాలుగూ నింపేశాను. నడుం పట్టేసింది, కానీ మనసు తేలికపడింది.

వాళ్ళు వచ్చి చూశారు. బుద్రి నెత్తి మీది బిందె దించి, మడి వైపు చూసి, నా గోళ్ళలో మట్టి చూసింది.

"ఏటి సేసినావమ్మా?"

"విత్తులు వేశాను. వాన పడింది కదా."

బుద్రి పార్వతి వైపు తిరిగింది. పార్వతి బిందె పక్కన పెట్టి, నన్ను కూర్చోబెట్టి చెప్పింది. అప్పుడు తెలిసింది. ఆ ఊళ్ళో చైత్రం పండుగ కాకుండా ఎవరూ మట్టిలో గింజ వేయరు. ప్రతి ఇంటి విత్తులూ ముందు ఊరి దేవత దగ్గర ఒకే బుట్టలో పోసి కలుపుతారు, పూజయ్యాక తలా ఇంత పంచుకుంటారు. ఆ పంచుకున్నది వేయాలి. ఒకరు ముందుగా వేస్తే ఊరందరికీ వాన సరిగ్గా పడదంటారు. పార్వతి ఆ పండుగ కోసమే ఆగి ఉంది. పండుగకి ఇంకా నాలుగు రోజులు. నా మూలంగా ఊరికి వాన పడకపోతే?

మంచి రోజులు చూసి చెప్పే పెద్దాయనని దిశారి అంటారు. ఆయన వచ్చారు, నింపాదిగా కంచె మీద చెయ్యేసి చూశారు. "మొలకెత్తనేదు కదా, తీసెయ్యండి" అన్నారు. అంతే. మిగిలింది నా వంతు. మడి అంచున గొంతుక్కూర్చుని ఒక్కొక్క గింజా వేలితో వెతికి తీశాను. ఊళ్ళో ఆడవాళ్ళంతా కంచె దగ్గరికి చేరారు.

"ఓలమ్మ, మామ్మకి బంగారం దొరికినట్టుంది!"

"కోడిపెట్టలు కూడా ఇంత బాగా యేరవే."

"మామ్మా, ఆ మూలనొకటి దాగుంది సూడు. పోలీసుకి భయపడి దాక్కున్నాది."

సిగ్గుతో చచ్చిపోయాను. కాసేపటికి ఒకావిడ కంచె దాటి వచ్చి పక్కన కూర్చుని వెతకడం మొదలుపెట్టింది. తర్వాత ఇంకొకావిడ. పార్వతి ఆఖరున వచ్చింది. నా పక్కనే మట్టి జల్లిస్తూ, తల ఎత్తకుండా అడిగింది.

"నన్ను బేగి తీసుకుపోడానికే కదప్పా ఏసేసినావు?"

అబద్ధం చెప్పలేకపోయాను. "ఒక్కదాన్నే ఉండలేకపోతున్నానే" అన్నాను. అది దొరికిన చిక్కుడు గింజని చీర కొంగుతో తుడిచి నా అరచేతిలో పెట్టింది.

శుక్రవారం జీపు వచ్చింది, వెళ్ళింది. నేను ఎక్కలేదు. పండుగ దాకా ఉన్నాను, నా గింజలు వాళ్ళ బుట్టలో పడితేనే తప్పు పోతుందని నా మనసు. మగవాళ్ళు విల్లంబులతో అడవికి వేటకి వెళ్ళి ఉత్త చేతులతో వచ్చారు, ఏమీ కొట్టలేదని ఆడవాళ్ళు వాళ్ళ మీద పేడనీళ్ళు చల్లి ఏడిపించారు. దారికి అడ్డంగా కర్ర పెట్టి, వచ్చేపోయేవాళ్ళని ఆపి పండుగ డబ్బులు అడుగుతూ పాటలు పాడారు, నన్నూ లాక్కెళ్ళి నిలబెట్టారు. వచ్చిన మోటారుసైకిలు అతన్ని నేనే ఆపాను, "జాగ్రత్తగా నడుపు బాబూ" అని కూడా చెప్పాను. అందరూ పగలబడి నవ్వారు. పూజ దగ్గర సామలు, చోళ్ళు, కందులు, జొన్నలు ఒక్క బుట్టలో పోసి దిశారి రెండు చేతులతో కలిపారు. వాటి మధ్య నా బీర గింజలు నల్లగా కనిపిస్తూనే ఉన్నాయి, తర్వాత కనిపించలేదు.

పంచేటప్పుడు నేను వెనక్కి తప్పుకున్నాను. బుద్రి పిలిచి నా కొంగులో గుప్పెడు పోసింది.

"నాకెందుకమ్మా? నేను దిగిపోతాను కదా."

"బుట్టలో ఏసినోలు తీసుకోవాల. తీసుకున్నోలు మొలక సూడ్డానికి రావాల. మా పద్ధతి అది. నీ ఆనపకాయ ఇప్పుడు ఎవలి సేనులో కాస్తదో మాకేటి తెలుసు? నువ్వే వచ్చి ఎతుక్కో."

మర్నాడు పొద్దున్నే ఆ గుప్పెడూ పార్వతి మడిలో వేశాక, అది నన్ను తారు రోడ్డు దాకా దింపింది. ఈసారి ఒక్క పూటలో దిగేశాను. దారిలో నేను ఏమీ అడగలేదు. అదే చెప్పింది.

"ఈ ఏడు పంట సూస్తానప్పా. ఆ తర్వాత సంగతి నాకే తెల్దు. నువ్వు నామీద అలగకు."

"బీపీ మాత్రలు?"

"ఏసుకుంతాను."

"పాములు?"

"ఆటికి నేనంటే భయం. ఇను. ఈసారి నన్ను తీసుకెల్లడానికి రాకు. ఊరికే రా."

ఆటో కదిలాక వెనక్కి చూశాను. అది అప్పటికే ఎక్కడం మొదలుపెట్టింది, మధ్యలో ఒక బండ చూసుకుని కూర్చుంది.

ఇల్లు చేరేసరికి గోళేల్లో వంగ ఎండిపోయి ఉంది. నీళ్ళు పొయ్యమని ఎవరికీ చెప్పలేదు. బాధేసింది, కానీ అనుకున్నంత కాదు. ఇన్నాళ్ళూ మొక్కంటే నా గుమ్మంలో నా కళ్ళ ముందు ఉండాలి, మనిషైనా అంతే అనుకునేదాన్ని. ఇప్పుడు నా గింజలు ఎవరెవరి పొలాల్లోనో ఉన్నాయి. ఎక్కడున్నాయో తెలియదు. మొలుస్తాయో లేదో తెలియదు. రోజూ ఆకాశం చూసి బెంగపడుతూనే ఉన్నాను, ఆ బెంగ ఇల్లంతా తిరగకుండా కొంచెం దూరం పోయి కూర్చున్నట్టుంది. నడిచిన ఆ దారి, నిప్పుల్లో కాలిన టమాటా, తడిమట్టిలో వేలు దిగిన మెత్తదనం గుర్తొచ్చినప్పుడు మాత్రం బెంగ లేదు. ఖర్చు చేసి ఎక్కడికీ పోనక్కర్లేదు, అవి బయట ఉన్నాయి, మనం బయటికి వెళ్ళాలి అంతే.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క మాట. కొండ ఊళ్ళకి జీపులు చాలావరకు సంత రోజునే తిరుగుతాయి, అరకు సంత శుక్రవారం. మోకాళ్ళు బాగోకపోతే ఎక్కడానికి జీపు పట్టుకుని, దిగేటప్పుడు నడవండి. చేతికర్ర మరవకండి.

పార్వతి నిన్న ఆ పెద్ద బండ మీదికెక్కి ఫోను చేసింది. రోజు ఖాయం చేసుకున్నాం. ఏరువాక పున్నమికి ముందు వచ్చే శుక్రవారం, సంత జీపులో. ఊరికే వెళ్తున్నాను.