సున్నా చీటీ

బస్సు డిపో గేటు దగ్గర ఊదే మిషన్ పట్టుకుని కూర్చునే ఆయన్ని అందరూ ఊదుడు మామ అనేవాళ్లు. ఎంతటి డ్రైవరైనా ముందు, తాగలేదని తేలడానికి, ఆ మిషన్ గొట్టంలో ఊదాల్సిందే. సున్నా వస్తే, మిషన్ కక్కిన చీటీని డ్యూటీ కాగితానికి గుచ్చి బస్సు తాళం ఇచ్చేవాడు. "పొద్దున్నే నీ మొహం చూస్తే దిగిందంతా మళ్లీ ఎక్కుతుంది మామా" అని డ్రైవర్లు ఏడిపించినా, పదకొండేళ్లలో ఒక్కడినీ ఊరికే వదల్లేదు.

ఆ నిక్కచ్చితనమంతా ఒక సోమవారం ఉదయం, అదే డిపోలో డ్రైవరైన అక్క మొగుడి ముందు నీరుగారిపోయింది. బావ కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"రాత్రి తాగింది బామ్మర్దీ. పడుకుని లేచాగా, దిగిపోయింది."

"దిగిపోతే ఊదు మరి."

"ఇప్పటికే రెండుసార్లు దొరికాను. ఇంకోసారంటే ఉద్యోగం ఊడుతుంది. మీ అక్క మొహం చూసైనా..."

పెళ్లయినప్పటి నుంచి సుఖమెరగని అక్క మొహం కళ్లముందు మెదిలింది. మామ అటూ ఇటూ చూసి, గొట్టం తన నోట్లో పెట్టుకుని ఊదాడు. సున్నా వచ్చింది. "నిదానంగా నడుపు బావా" అన్నాడు, అక్కడికి తన బాధ్యత తీరిపోయినట్టు.

గంట తిరక్కముందే కబురొచ్చింది. బడి మలుపులో రోడ్డు దాటుతున్న పెద్దావిడను బస్సు గుద్దేసింది. ఆవిడ అక్కడికక్కడే పోయింది. బావ బస్సు వదిలేసి పారిపోయి, మూడో రోజు లొంగిపోయాడు. అప్పటికి ఒంట్లో మందు ఆనవాలు లేదు. పోలీసుల ఫైల్లో ఉన్నది ఆ చీటీ ఒక్కటే. డ్రైవర్ తాగలేదు కాబట్టి ఆవిడే చూసుకోకుండా దాటిందని తేల్చేశారు.

"ఆ చీటీయే మమ్మల్ని బతికించిందిరా తమ్ముడూ" అని అక్క ఫోన్‌లో ఏడ్చింది.

పదో రోజు మధ్యాహ్నం ఒక ముసలాయన గేటు దగ్గరికి వచ్చాడు. చేతిలో అద్దం పగిలిన ఆడవాళ్ల కళ్లజోడు.

"పోయినావిడ మా ఆవిడే బాబూ. దానికి చూపు ఆనదు. తోడు రమ్మంటే నేనే బద్ధకించాను. తప్పు మాది. మనసులో పెట్టుకోవద్దని ఆ డ్రైవరుబాబుతో చెప్పండి."

చెప్పుచ్చుకుని కొట్టినా మామ తట్టుకునేవాడు. ఇది తట్టుకోలేకపోయాడు. నోరు విప్పితే తన ఉద్యోగం పోతుంది, బావ జైలుకెళతాడు, అక్క జన్మలో గడప తొక్కనివ్వదు. విప్పకపోతే ఈ మనిషి పెళ్లాన్ని తనే చంపుకున్నానని కుమిలిపోతూ బతకాలి.

లేచి ముసలాయన్ని తన కుర్చీలో కూర్చోబెట్టాడు.

"తప్పు మీది కాదు పెద్దాయనా. మా బావ తాగున్నాడు. ఆ రోజు ఊదింది నేను."

తిడతాడనుకున్నాడు.

"అయితే అది చూసుకునే దాటిందేమో కదా బాబూ?" అన్నాడు ముసలాయన. పగిలిన కళ్లజోడును ఉత్తరీయంతో తుడుస్తూ, తుడుస్తూ, వెక్కి వెక్కి ఏడ్చాడు.

మామ మిషన్ అక్కడే పెట్టేసి మేనేజరు గది వైపు నడిచాడు.